పైనుంచి కనిపించే పొగ, కింద పీల్చే గాలి
(ఉపకార వేతనాల సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నేను బరంపురంలో పుట్టి పెరిగినవాడిని. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. డిగ్రీలో రెండేళ్లు ఈ ట్రస్టు ఇచ్చిన సొమ్ముతోనే ఫీజు కట్టాను. ఉపగ్రహ చిత్రాల్లో పొగనూ దుమ్మునూ గుర్తించడం ఇప్పుడు నా ఉద్యోగం. "దానివల్ల ఎవరికి ఉపయోగం బాబూ?" అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల అబ్బాయికి ఉబ్బసం. 2023 జూన్ 7న అక్కడ తెల్లవారుతూనే ఫోన్ చేసింది. "తమ్ముడూ, బయటంతా మసకగా ఉంది, కాలిన వాసన వస్తోంది. బాబుని బడికి పంపనా, వద్దా?"

అమెరికా వారి గోస్ ఉపగ్రహం చిత్రాలు తెరిచాను. కెనడాలోని క్యూబెక్ అడవుల్లో రేగిన మంటల పొగ వందల కిలోమీటర్లు దక్షిణానికి దిగివచ్చింది. దట్టమైన మేఘం తెల్లగా ఉంటుంది. పొగ బూడిద రంగులో పలచగా సాగుతుంది. ఎండ ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం అది బాగా తెలుస్తుంది.

అయినా అక్కకు వెంటనే జవాబు చెప్పలేదు. పొగ కిలోమీటర్ల ఎత్తున ఉందో, మన ముక్కు దగ్గరే ఉందో మామూలు చిత్రం చెప్పదు. "మీ ఊళ్లో గాలిని కొలిచే కేంద్రం ఎంత చూపుతోందో చూడు" అన్నాను. చూసింది. అంకె చాలా ఎక్కువగా ఉంది. బాబుని ఇంట్లోనే ఉంచింది. ఆరోజు న్యూయార్క్‌లో గాలి నాణ్యత సూచిక 400 దాటింది.

అదే నెలాఖరున కెనడా పొగ అట్లాంటిక్ దాటి స్పెయిన్, పోర్చుగల్ వైపు చేరింది. చిత్రంలో అక్కడా పొగే. కాని ఎక్కువ భాగం ఎత్తులోనే సాగిపోయినందున నేలమీది గాలి అంతగా చెడలేదు.

దుమ్ముది ఇంకో చిక్కు. సముద్రం మీద గోధుమరంగు చారలా కనిపించే దుమ్ము, ఎడారి మీద ఇసుక రంగులో కలిసిపోతుంది. రాత్రి అసలే కనిపించదు. అప్పుడు పరారుణ కిరణాలే ఆధారం. 11, 12 మైక్రోమీటర్ల దగ్గర రెండు కొలతలు తీసుకుని, ఒకదాన్నుంచి మరొకటి తీసివేస్తాం. పలచని ఎత్తు మేఘానికి సాధారణంగా ధన సంఖ్య వస్తే, దుమ్ముకు రుణ సంఖ్య వస్తుంది. మన ఇన్సాట్-3డీఆర్ కూడా ఇలాంటి కొలతలు తీస్తుంది. చూడండి, చిన్న తీసివేత లెక్క ఎంత పని చేస్తుందో!

2021లో మన ఒడిశాలో సిమిలిపాల్ అడవి అంటుకుంది. ఇలాంటప్పుడు ఉపగ్రహం వేడిగా ఉన్న చోట్లను చుక్కలుగా చూపుతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఆ సమాచారాన్ని అటవీ సిబ్బంది ఫోన్లకు పంపుతుంది. కాని ఆ చుక్క దగ్గరికి నడిచివెళ్లి మంట ఆర్పవలసింది మనిషే.

పిల్లలూ, నాసా వారి వరల్డ్‌వ్యూలో రోజువారీ చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. చూడండి, నేర్చుకోండి. అయితే చిత్రం చెప్పినంతే చెప్పండి, చెప్పనిదాన్ని నేలమీద అడిగి తెలుసుకోండి. మీ మాట నమ్మి ఒక తల్లి తన బిడ్డను బయటికి పంపుతుందని గుర్తుంచుకోండి.