చెయ్యి పైనుంచి రాకూడదు

వానలు పట్టాయంటే చాలు, నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "డాక్టరుగారూ, మెట్లకింద పిల్లికూన దొరికింది, ఇంట్లోకి తెచ్చాం, మనిషిని చూస్తే బుసకొడుతోంది, ఏం చెయ్యమంటారు?"

ముందు, తల్లి వస్తుందేమో చూశారా? పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒకదాన్ని కరుచుకెళ్లి, రెండోదానికోసం వచ్చేలోపు మనం ఎత్తుకొచ్చేస్తే ఎలా? కూన వెచ్చగా, అరవకుండా పడుకునుంటే రెండు మూడు గంటలు దూరంనుంచే కనిపెట్టండి. తడిసి చల్లబడితే మాత్రం ఆగొద్దు.

ఇక బుస సంగతి. అది పొగరు కాదండీ, ప్రాణభయం. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల స్పర్శ ఎరిగిన కూన ఇట్టే మాలిమి అవుతుంది. ఆ వయసు దాటితే ఓపిక ఎక్కువ కావాలి. ఎంత వయసుదైనా సరే, నెత్తిమీదుగా మీ చెయ్యి దిగితే దానికి గద్ద వాలినట్టే. చెయ్యి పైనుంచి రానివ్వకండి.

ఒక రిటైరైన మాస్టారు కూరగాయల సంచిలో ఓ కూనని తెచ్చారు. రెండు నెలలు ఉంటాయి. బల్లమీద పెట్టగానే చెవులు తలకి అతుక్కుపోయాయి, వీపుమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మాస్టారి చేతులనిండా గీతలే. "రోజూ బీరువా వెనకనుంచి లాగి ఒళ్లో పెట్టుకుంటున్నానండీ, ప్రేమగానే" అన్నారు. ప్రేమే, కాదనను. కానీ రోజూ లాగారు, అదీ పైనుంచి.

"వారం రోజులు ముట్టుకోకండి. బీరువా పక్కన నేలమీద కూర్చుని పేపరు పైకి చదవండి. ఉప్పూకారం లేని ఉడికించిన కోడిమాంసం, పొడుగు చెంచాతో అందించండి. కళ్లలోకి గుచ్చి చూడకండి" అన్నాను. నాలుగోరోజు చెంచా నాకిందట. తొమ్మిదోరోజు మాస్టారు ఫోను చేసి మాట్లాడలేదు, రిసీవరు కూన పక్కన పెట్టారు. గుర్రు గుర్రుమని చప్పుడు! తోక నిలబెట్టి తనే వచ్చి, ఆయన మోకాలికి బుగ్గ రుద్దిందట. అలా వచ్చాకే వేలు, దాని ముక్కు ఎత్తులో చాపాలి. వాసన చూశాక బుగ్గ, ఆ తర్వాత గడ్డం. తల నిమరడం చివర. చెయ్యి కిందనుంచే, పైనుంచి కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్యాకెట్ పాలు పొయ్యొద్దు, విరేచనాలవుతాయి. పిల్లిపిల్లల పాలపొడి దొరుకుతుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు ఏమీ పట్టకండి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి ముందు వెచ్చబరచండి. పాలు పట్టేటప్పుడు బోర్లా ఉంచాలి, వెల్లకిలా కాదు. పారాసిటమాల్ పిల్లికి విషం. గీరినా కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకి ఆరోజే వెళ్లండి.

వినాయక చవితికి చుట్టాల పిల్లలొస్తారు. కూనని వేరే గదిలో పెట్టి తలుపెయ్యండి. చూస్తామని మారాం చేస్తే ఒక్కొక్కరినే పంపండి, వెళ్లినవాళ్లు ముందు నేలమీద కూర్చోవాలి.