కంట్లో పువ్వు

నాది ఉర్దూ మీడియం, తెలుగులో తప్పులుంటే మాఫ్ చేయండి.

సాగర్ ఎడమకాలువ కింద వరికోతల్లో కంటికి ఆకు గీరి పువ్వు పడినవాళ్లు మనకు తెలుసు. నల్లగుడ్డు మీది కార్నియా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. మన చర్మంలోనూ అదే ఉన్నది. కాని కార్నియాలో పోగులు పోచంపల్లి పడుగులాగా సమదూరంలో ఉంటవి గనుక వెలుగు దూరుతుంది. గాయం మానేటప్పుడు పోగులు చిక్కుపడితే తెల్లమచ్చే.

2022లో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థ, సి.సి.ఎం.బి., ఐ.ఐ.టి. వారు మనిషి కార్నియానుంచి కణాలు తీసేసి, మిగిలిన పదార్థంతో, మూలకణాలతో కొత్తది ముద్రించి కుందేలుకు అమర్చినారు. మన దాకా రావడానికి ఇంకా పరీక్షలున్నవి.

అందాక నేత్రదానమే దిక్కు. ఆరు గంటల్లోపు ఇవ్వాలె. అబ్బాజాన్ పోయిన రాత్రి నేనే నోరు విప్పలేకపోయిన.