దూరాన ఉన్నా ఒకే సెక్షను

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

నేను వక్తను కాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు రాసి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మాత్రమే మనవి చేస్తాను.

ఆఫీసుకు దూరంగా ఉండి ఆఫీసు పని చేయడం 2020 లాక్‌డౌన్‌తోనే మొదలయిందని మన పిల్లలు అనుకుంటారు. మనకది పాత సంగతే. 1985లో మండలాలు ఏర్పడిన కొత్తలో నన్ను కూనవరం వేశారు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. అప్పుడది ఖమ్మం జిల్లా. జిల్లా కచేరీతో మాకున్న సంబంధమల్లా తపాలు సంచీ. వాగులు పొంగితే అదీ రాదు.

ఖమ్మంలో మా పాత సెక్షనులో ఒక మిత్రుడు ఉండేవారు. ఆఫీసు కవరులో కాగితాల మధ్య ఒక చీటీ పెట్టేవారు. "నీ సర్వీసు రిజిస్టరు ఇక్కడే ఉండిపోయింది, వచ్చే తపాలులో పంపిస్తాను." "మలేరియా మాత్రలు వేసుకుంటున్నావా?" రెండే రెండు వాక్యాలు. వాటి కోసం తపాలు రోజు ఎదురుచూసేవాడిని.

1986 ఆగస్టులో వరద వచ్చింది. భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. రికార్డు మూటలు నెత్తిన పెట్టుకుని మెరక మీదికి చేరాం. పోలీసు వైర్‌లెస్‌లో జిల్లా కేంద్రం నుంచి లెక్కలు అడిగారు. చివర ఒక మాట వచ్చింది: "గుమాస్తా క్షేమమేనా?" అది అడిగించింది ఆయనే. ఆ రాత్రే మా ఇంటికి వెళ్లి, నా భార్యకు కబురు చెప్పి వచ్చారట.

ఇక మా అమ్మాయి సంగతి. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. 2020లో ఇంటి నుంచే పని. రోజూ పొద్దున్నే అందరూ తెర మీద కలిసి పావుగంట సేపు కూరలు, పిల్లల అల్లరి మాట్లాడుకునేవారు. "జీతమిచ్చేది కబుర్లకా?" అని విసుక్కున్నాను. ఒకరోజు గదిలో ఒంటరిగా ఉండే కుర్రాడు ఒకడు రాలేదు, ఫోను ఎత్తలేదు. వెంటనే ఇంటి యజమానికి చెప్పి తలుపు కొట్టించారు. జ్వరంతో లేవలేకుండా ఉన్నాడట. ఆస్పత్రిలో చేర్చారు, కోలుకున్నాడు. ఆ పావుగంటే వాళ్ల హాజరు పట్టీ అని అప్పుడు నాకు అర్థమయింది.

మరి మన హాజరు పట్టీ ఏది? ఒకప్పుడు ఏటా లైఫ్ సర్టిఫికేట్ కోసం ట్రెజరీ దగ్గర కలిసేవాళ్లం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి ఫోనుకు ముఖం చూపినా సరిపోతోంది. మోకాళ్ల నొప్పులవారికి అది పెద్ద మేలు, కాదనను. కానీ ట్రెజరీ ఎదుట టీ కొట్టు దగ్గర కలుసుకోవడం పోయింది. ఇప్పుడు మనందరం దూరాన పోస్టింగు పడ్డ గుమాస్తాలమే.

ఆ మిత్రుడు పోయిన వేసవిలో కాలం చేశారు. కర్మలన్నీ అయ్యాక గాని నాకు తెలియలేదు. వాట్సాప్‌లో రోజూ పువ్వుల బొమ్మతో శుభోదయం పెడుతూనే ఉన్నాను. మూడు వారాలుగా ఆయన నుంచి జవాబు లేదని గమనించనే లేదు. పరామర్శకు వెళితే ఆ తల్లి, "మంచాన ఉండి కూడా మీ గురించే అడిగేవారు అన్నయ్యగారూ" అన్నది. తల ఎత్తలేకపోయాను. ఆయన పి.పి.ఓ. ఎక్కడుందో తెలియక, ఫ్యామిలీ పెన్షను కాగితాలు అప్పటికింకా కదలలేదు. అవి కట్టించి ఇవ్వడం ఒక్కటే నేను చేయగలిగింది.

అందుకని ఒక మనవి. ప్రతి సభ్యుడు ఆదివారం ఇద్దరికి ఫోను చేసి నోటితో పలకరించాలి. రెండుసార్లు ఎత్తకపోతే దగ్గరలో ఉన్న సభ్యుడు ఇంటికి వెళ్లి చూడాలి. పి.పి.ఓ. ఎక్కడుందో, సంఘంలో ఎవరిని అడగాలో ఇంట్లోవారికి ఈరోజే చెప్పి ఉంచాలి.

"క్షేమమేనా?" అన్న మాటకు ఖర్చేమీ లేదు. దానికి జవాబిచ్చే మనిషి ఉండగానే అడుగుదాం.