డ్వేన్ బ్యారీ అర్జీ



ఈ పూట పి.ఆర్.సి. గురించో, డి.ఆర్. బకాయిల గురించో వినాలని వచ్చినవారు మన్నించాలి. నేను మాట్లాడబోయేది 'ది ఎక్స్ ఫైల్స్' అనే అమెరికా టీవీ సీరియల్ గురించి. ఫైల్సు అన్న మాట ఉంది గనుక మనకు బొత్తిగా సంబంధం లేని విషయం కాదు.

ఇందులో మల్డర్, స్కల్లీ అని ఇద్దరు ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు. ఎవరూ తేల్చలేక పక్కన పడేసిన కేసులు వీరి బల్ల మీదికొస్తాయి. మల్డర్ నమ్మే మనిషి. స్కల్లీ డాక్టరు, రుజువు చూపమనే మనిషి. 1994 అక్టోబరు 14న ప్రసారమైన 'డ్వేన్ బ్యారీ' భాగాన్ని క్రిస్ కార్టర్ రాసి, తానే దర్శకత్వం వహించారు.

ఈ బ్యారీ ఒకప్పుడు ఎఫ్.బి.ఐ.లోనే పనిచేసినవాడు. గ్రహాంతరవాసులు తనను ఎత్తుకుపోయి ఒంట్లో లోహపు ముక్కలు పెట్టారనీ, ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసుననీ అంటాడు. మానసిక వైద్యశాలలో ఉంచారు. అక్కడ డాక్టరును బందీగా పట్టుకుని తప్పించుకుని, ఒక ట్రావెల్ ఏజెన్సీలో చొరబడి, అక్కడివారిని కూడా తుపాకీతో నిర్బంధిస్తాడు.

మల్డర్ లోపలికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అతని గోడు వింటాడు. స్కల్లీ పాత రికార్డు తిరగేస్తుంది. 1982లో డ్యూటీలో ఉండగా బ్యారీ తలకు గుండు తగిలి మెదడు దెబ్బతిన్నదని అందులో ఉంది. ఇలాంటివి లోకంలో జరిగినవే. 1848లో ఫినియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు గాని మనిషి తీరే మారిపోయిందని వైద్యులు రాశారు. సరే, బ్యారీకి మతి చెడిందని మనమూ తీర్మానించుకుంటాం. అప్పుడొస్తుంది ఎక్స్‌రే. ఒంట్లో నిజంగానే లోహపు ముక్కలున్నాయి! స్కల్లీ ఒక ముక్కను సూపర్‌మార్కెట్‌లో ధరలు చదివే యంత్రం మీద పెడితే, అది వెర్రెత్తినట్టు అంకెలు కక్కుతుంది. చివరికి బ్యారీ ఆసుపత్రి నుంచి పారిపోయి స్కల్లీ ఇంట్లో చొరబడతాడు. ఆమె మల్డర్‌కు ఫోనులో సందేశం చెబుతూ ఉండగానే కథ ఆగుతుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాడిగా ఈ ప్రభుత్వ కుట్ర గురించి ఒక మాట చెప్పాలి. పది సంతకాలు పడే కాగితంలో రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది? టీ తెచ్చే కుర్రాడికే ముందు తెలుస్తుంది. అయితే దాచిన కొద్దీ పుకారు పెరుగుతుందన్నది కూడా నిజమే. 1947లో రాస్‌వెల్ దగ్గర ఏవో శకలాలు పడ్డాయి. సైన్యం మొదట ఎగిరే పళ్లెం అంది, వెంటనే వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. సోవియట్ అణు పరీక్షలను పసిగట్టడానికి రహస్యంగా వదిలిన బెలూన్లవి అని అమెరికా వైమానిక దళం నివేదిక ఇచ్చింది 1994లో, ఈ భాగం ప్రసారమైన ఏడాదే. 47 ఏళ్ల జాప్యం! ఆలోగా కట్టుకథలు కొండంత పెరిగాయి.

కాని నన్ను కుదిపింది వేరే సంగతి. 'మతి చెడినవాడు' అని ఒకసారి కాగితం మీద పడ్డాక బ్యారీ అర్జీని ఏ బల్లా స్వీకరించలేదు. ఎల్.డిస్. చేసి మూట కట్టేశారు. రుజువు అతని ఒంట్లోనే ఉంది. తీసి చూసినవాడు లేడు. ఆ కోపం చివరికి ఏ పాపమూ ఎరుగని స్కల్లీ మీద పడింది. అతను చేసింది ఘోరమే, కాదనను.

మన సంఘంలో ఎనభై దాటిన సభ్యుడొకరు, 15 ఏళ్లు నిండినా తన కమ్యుటేషన్ కోత ఆగలేదని నెలనెలా చెప్పేవారు. సంబంధిత కార్యాలయంలో "పెద్దాయనకు మతిమరుపు" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. మేమిద్దరం కూర్చుని పెన్షన్ ఉత్తర్వు, పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి చూశాం. ఐదు నెలల కోత అదనంగా పడింది. మతిమరుపు ఉన్నమాట నిజమే. కోత పడిందీ నిజమే.

అందుచేత, సహాయ కేంద్రంలో కూర్చునే మిత్రులకు నా మనవి. ముందు మల్డర్‌లా వినండి, తర్వాత స్కల్లీలా కాగితాలు చూడండి. ఒకటి చేసి రెండోది మానేస్తే మనిషికి అన్యాయం జరుగుతుంది. రేపు ఆ కౌంటరు ముందు నిలబడబోయేది మనమే.