షల్లూము కుమార్తెలు
(డయోసిస్ శతవార్షికోత్సవ సందర్భమున స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



"క్రైస్తవ స్త్రీ - విద్య" అను అంశము మీద మాటలాడుమని మమ్మును కోరినారు. ఈ అంశము మీద మన సభలలో ఏండ్ల తరబడి ప్రసంగములు జరుగుచునే యున్నవి. కనుక మేము దానిని కొంత కుదించుకొని ఒక్క సంగతినే మీ ముందు పెట్టుచున్నాము. మన సంఘములలోని భక్తిగల ఆడపిల్లలు ఇంజనీరింగు చదువుటకు ఎందుకు వెనుదీయవలెను? వారికంటె ముందు మనమెందుకు వెనుదీయుచున్నాము?

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మనలో చాలమంది దాటవేయు అధ్యాయము. అంతయు పేర్ల పట్టిక. యెరూషలేము గోడలో ఏ భాగమును ఎవరు బాగుచేసిరో, ఏ గుమ్మమునకు ఎవరు తలుపులు నిలిపిరో వరుసగా చెప్పబడును. వేదాంత కళాశాలలో మేమును ఇది పరీక్షకు రాదని దాటవేసినవారమే. అయితే 12వ వచనములో షల్లూము అను అధిపతి తన కుమార్తెలతో కలిసి గోడ బాగుచేసెనని యున్నది. వారు పనివారికి అన్నము వండి పంపిరని అక్కడ లేదు. గోడ పనియే చేసిరి. దినవృత్తాంతములు మొదటి గ్రంథము ఏడవ అధ్యాయములో షెయెరా అను స్త్రీ రెండు బేత్‌హోరోను ఊళ్లను కట్టించినట్లున్నది. ఒక స్త్రీ ఊళ్లు కట్టించినదని వ్రాయుటకు పరిశుద్ధ గ్రంథమునకు ఏమియు సంకోచము లేదు. సంకోచమంతయు మనదే. నిర్గమకాండములో బెసలేలు దేవుని ఆత్మతో నింపబడెనని చదువుదుము గదా, ఆయన ప్రసంగీకుడు కాడు. బంగారము, కొయ్య, రాయి పట్టి పనిచేయు పనివాడు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. పండ్రెండేండ్ల క్రిందట మేము మరియొక పాస్టరేటులో ఉన్నప్పుడు, ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన మొదలుకాక మునుపే మైకు సెట్టు మూగవోయినది. పెద్దలు తలయొక మాట చెప్పుచుండగా పదవ తరగతి చదువుచున్న ఒక పిల్ల ఆంప్లిఫయరు మూత విప్పి, ఊడిన తీగ ఒకటి కనుగొని, బిగించి, మరల మ్రోగించినది. తండ్రి కూలి మనిషి. ఫలితములు వచ్చిన తరువాత ఆయన మా యింటికి వచ్చి, "అయ్యగారూ, పాప కరెంటు చదువు చదువుతానంటోంది, ఏం చెయ్యమంటారు?" అని అడిగినాడు. మేము రెండు నిమిషములైనను ఆలోచింపలేదు. "ఆడపిల్లకు స్తంభాలెక్కే చదువెందుకయ్యా! బైపీసీలో చేర్పించు, నర్సింగు చదువుతుంది, సేవా చేసినట్టవుతుంది" అని చెప్పి, ప్రార్థన చేసి పంపివేసితిమి.

ఆ అమ్మాయి నర్సింగు చదివినది. ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేయుచున్నది. మంచి నర్సు అని పేరు. మా మీద ఆమెకు కోపము లేదు. ఒక క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు మాత్రము ఒక మాట అన్నది. "వార్డులో మిషను ఆగిపోతే బాగుచేసేవాళ్లు వచ్చేదాకా గంటలు గంటలు కూర్చోవాలి అయ్యగారూ. విప్పి చూద్దామని నా చేతులు దురదపెడతాయి. ముట్టుకోవడానికి మాకు అనుమతి లేదు" అని నవ్వినది. మేమును నవ్వితిమి గాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

నర్సింగును తక్కువ చేయుచున్నామని ఎవరును అనుకొనవద్దు. ఈ సభలో ఎందరు నర్సమ్మలున్నారో మాకు తెలియును. మీ జీతముల దశమభాగములతోనే మా గుడి ప్రహరీ లేచినది. కాని నర్సింగు మాత్రము సులువుగా మన చేతికి వచ్చినదా? డాక్టరు అన్నా కూగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరచిరి. ఐడా స్కడ్డర్ అమ్మగారు 1918లో వేలూరులో స్త్రీలకొరకు వైద్య పాఠశాల ప్రారంభించిరి. ఆ దినములలో పరాయి మనుష్యుల పుండ్లు కడుగు పనికి పిల్లను పంపుదురా అని మన ముత్తాతలను బంధువులు నిలదీయలేదా? అట్టి మాటలు పడియే వారు మన అమ్మమ్మలను పంపిరి. నాడు అంత తెగువ చూపిన సంఘము ఆ గుమ్మము దాటి మరల ఒక్క అడుగైనను వేయకపోవుట మాకు వింతగా తోచుచున్నది.

మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాల 1794లో సర్వే పాఠశాలగా మొదలైనది. అందులో ఒక స్త్రీ అడుగు పెట్టుటకు 146 ఏండ్లు పట్టినది. 1940లో చేరిన ఆమె మన తెలుగు ఇంటి ఆడపడుచు, అయ్యలసోమయాజుల లలితగారు. పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట వైధవ్యము. భర్త పోవునాటికి చంటిబిడ్డకు నాలుగు నెలలు. తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలలోనే ఆచార్యులు. ఆయన కుమార్తెను మూల కూర్చోబెట్టలేదు. ప్రిన్సిపాలు కె.సి. చాకోగారు చేర్చుకొనుటకు ఒప్పుకొనిరి. కొన్ని నెలలకే మరి ఇద్దరు యువతులు సివిల్ ఇంజనీరింగులో చేరిరి. వారు పి.కె. త్రేస్యగారు, లీలమ్మ జార్జిగారు. ఇద్దరును కేరళ క్రైస్తవ కుటుంబముల పిల్లలే. మన దేశపు మొదటి స్త్రీ ఇంజనీర్లు ముగ్గురిలో ఇద్దరు ఆదివారము గుడికి పోవు ఇండ్లలో పుట్టినవారని ఈ సభలో ఎందరికి తెలియును? మాకును మొన్నమొన్నటివరకు తెలియదు.

పట్టాలు అచ్చు వేయించినప్పుడు "అతడు" అనియే అచ్చయినదట. దానిని కొట్టివేసి "ఆమె" అని చేతితో దిద్ది ఇచ్చిరి. లలితగారు తరువాత సోదరుని కుటుంబము ఉన్న కలకత్తాలో ఉద్యోగము చూచుకొని, బిడ్డను పెంచుకొనుచు, భాక్రానంగల్ విద్యుత్ పనులకు పాటుపడిరి. 1964లో న్యూయార్కులో జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లిరి. త్రేస్యగారు 1971లో కేరళ రాష్ట్ర ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి. రోడ్లు, వంతెనలు, ఆసుపత్రి కట్టడములు ఆమె చేతి మీదుగా నడచినవి.

గోదావరి జిల్లాలనుండి వచ్చినవారికి కాటన్ దొరగారిని గూర్చి మేము చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నీళ్లతో ఎన్ని తరములు అన్నము తిన్నవో మీకే తెలియును. ఆయన గట్టి విశ్వాసి. ఆయన కుమార్తె ఎలిజబెత్, లేడీ హోప్ అను పేరుతో, 1900లో తండ్రి జీవిత చరిత్ర వెలువరించినది. తెలివిగల స్త్రీయే. అయినను ఆ కాలపు కుమార్తెకు ఆనకట్టను గూర్చి వ్రాయు భాగ్యమే దక్కినది గాని, కట్టు భాగ్యము లేదు.

ఇప్పుడు ఒక్కసారి మీ ఊరి నీళ్ల సంగతి తలంచుకొనుడి. బిందె మోయునది ఎవరు? పంపు దగ్గర వరుసలో నిలుచునది ఎవరు? పంపు ఎక్కడ వేయవలెనో, గొట్టము ఎంత లోతున దింపవలెనో, ట్యాంకు ఏ వైపు కట్టవలెనో నిర్ణయించు బల్ల దగ్గర మాత్రము ఆ బిందె మోసినవారు లేరు. నల్లగొండ ప్రాంతములో ఫ్లోరైడు నీళ్లు త్రాగి ఎముకలు వంగిన బిడ్డలను మేము చూచితిమి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఏండ్ల తరబడి దానిని మించిన నీరు త్రాగినవారికి పండ్లు గారపట్టును, కీళ్లు బిగిసిపోవును. అట్టి బిడ్డకొరకు ప్రార్థింతుము, ప్రార్థింపవలసినదే. కాని నీటిలో పటిక, సున్నము కలిపి, కలియబెట్టి, తేర్చి ఫ్లోరైడును తగ్గించు విధానమొకటి నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. ఆ లెక్కలు వేసినది ఇంజనీర్లే. వంగిన ఎముకను ఏ నర్సును తిన్నగా చేయలేదు. ఎముక వంగకమునుపు నీటిని మంచి చేయుటయు స్వస్థత పరిచర్యయే గదా! బావి దగ్గరకు కుండతో వచ్చిన సమరయ స్త్రీని గూర్చి ఎన్నిమారులో ప్రసంగించిన మాకు, ఆ బావి లోతును గూర్చి ఒక్కమారైనను ఆలోచన రాలేదు.

తల్లులు మాతో చెప్పు అభ్యంతరములు మేమెరుగుదుము. హాస్టలులో పిల్ల విశ్వాసము చల్లారునందురు. చల్లారవచ్చును. ఇంటిలో ఉండి చల్లారినవారిని కూడ మేమెరుగుదుము. 1954నుండి యు.ఇ.ఎస్.ఐ. ప్రార్థన గుంపులు మన దేశపు కళాశాలలలో పనిచేయుచున్నవి. మొదటి వారమే పిల్లను అక్కడ అప్పగించి రండి. అమెరికాలో మేరీ కెన్నెత్ కెల్లర్ అను కన్యాస్త్రీ 1965లో కంప్యూటర్ శాస్త్రమున డాక్టరు పట్టా పొందినది. ఆ దేశపు స్త్రీలలో ఆ శాస్త్రమున ఆ పట్టా మొదట పొందినది ఆమెయే. కన్యాస్త్రీగానే యుండి, తరువాత ఒక కళాశాలలో ఆ శాఖను స్థాపించి ఇరువది ఏండ్లు నడిపినది.

పెండ్లి సంగతి వేరు. ఎక్కువ చదివిన పిల్లకు ఎక్కువ చదివిన వరుడు, అతనికి ఎక్కువ కట్నము, ఎక్కడనుండి తెత్తుము అయ్యగారూ అని ఒక తల్లి మా ముందు కంటనీరు పెట్టినది. ఆమెకు మేమేమి జవాబు చెప్పగలము? మూడు ఆదివారములు వివాహ ప్రకటనలు చదువునది మేమే. ఎంత ఇచ్చుచున్నారో ఊరందరితోపాటు మాకును తెలియును. ఆ పాపములో మా పాలు కలదు. అది పిల్ల చదువు వలన కలిగిన దోషము కాదు, దానికి పిల్లను శిక్షింపరాదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలెను. రంగుల కరపత్రము చూచి ఏ కళాశాలలో పడితే ఆ కళాశాలలో చేర్పింపవద్దు. ప్రయోగశాల చూడుడి, అధ్యాపకులు ఎందరో అడుగుడి, ఎన్.బి.ఏ. గుర్తింపు ఆ శాఖకు కలదో లేదో తెలిసికొనుడి. పొలము అమ్మి డొనేషను కట్టుట మా సలహా కాదు.

తలుపు మూతపడునది కళాశాల దగ్గర కాదు, పదవ తరగతి తరువాతనే. ఎం.పి.సి. తీసికొనని పిల్లకు ఇంజనీరింగు దారి పదునారవ యేటనే మూసికొనిపోవును. ఇంటరు చదివించు స్తోమత లేనివారికి మరియొక త్రోవ కలదు. పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా, ఆ మీదట ఈసెట్ వ్రాసి నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరము. గుంటూరులోను కాకినాడలోను ఆడపిల్లలకు ప్రత్యేకముగా ప్రభుత్వ పాలిటెక్నికులున్నవి. మన రాష్ట్రములలో కన్వీనరు సీట్లలో మూడవ వంతు స్త్రీలకు కలదు. ఐ.ఐ.టి.లలో కూడ 2018నుండి ఆడపిల్లలకు అదనపు సీట్లు ఏర్పరచిరి. ఏ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి విద్యార్థి వేతనము ఏడాదికి 50,000 రూపాయలు, ఒక కుటుంబములో ఇద్దరు ఆడపిల్లలవరకు ఇత్తురు. మన పిల్లలలో దీనికి దరఖాస్తు చేసినవారు మాకు ఇంతవరకు ఇద్దరే కనబడిరి.

పదవ తరగతి ఫలితములు వచ్చిన వారములో మా యింటి తలుపు తెరచియే యుండును. దరఖాస్తు నింపకమునుపు పిల్లను వెంటబెట్టుకొని రండి. తండ్రి ఒక్కడే వచ్చినచో కూర్చుండబెట్టి కాఫీ ఇత్తుము గాని సలహా చెప్పము. ముందు పిల్లనే అడుగుదుము. మైత్రి కార్యదర్శి అమ్మగారు ఈ సాయంకాలము గుడి వరండాలో బల్ల వేసికొని కూర్చుందురు. వచ్చే ఏడాది పదవ తరగతికి వచ్చు మన ఆడపిల్లల పేర్లు అక్కడ వ్రాయించి వెళ్లుడి.