ఉలి మొన ఎందుకు ఊడిపోతుంది? రెండు లోహాల అతుకు కథ

మాది జూపాడు బంగ్లా. మా నంద్యాల జిల్లా అంటే రాయి గుర్తొస్తుంది: బేతంచెర్ల బండలు, ఆళ్లగడ్డ శిల్పాలు. ఈరోజు ఆ రాయిని చెక్కే ఉలి గురించి మాట్లాడుకుందాం.

గట్టి రాయికి వాడే ఉలిని దగ్గర్నుంచి చూడండి. కాడ స్టీల్. మొనలో ఉన్న ముక్క టంగ్‌స్టన్ కార్బైడ్. ఈ రెండిటినీ కరిగించి కలపడం కుదరదు. అందుకే మధ్యలో వెండి, రాగి కలిసిన రాడ్ కరిగిస్తారు. 600 నుంచి 700 డిగ్రీల దగ్గర అది కరిగి సన్న సందులోకి పాకుతుంది. స్టీల్, కార్బైడ్ మాత్రం కరగవు. ఇదే బ్రేజింగ్.

ఇక్కడో తమాషా ఉంది. సందు 0.1 మిల్లీమీటర్ దగ్గర ఉంటే, అతుకు ఆ రాడ్ లోహం కన్నా ఎక్కువ బలం చూపిస్తుంది. పల్చటి పొరని రెండు వైపులా గట్టి లోహం సాగనివ్వదు కాబట్టి.

మరి మొన ఎందుకు ఊడుతుంది? చల్లారేటప్పుడు స్టీల్, కార్బైడ్ కన్నా సుమారు రెండింతలు ముడుచుకుంటుంది. 20 మిల్లీమీటర్ల ముక్క, 600 డిగ్రీలు చల్లారింది అనుకోండి. తేడా దాదాపు 0.07 మిల్లీమీటర్లు, అంటే ఒక వెంట్రుక మందం. చిన్నదే, కానీ ఒక్క దెబ్బ పడకముందే అతుకు లోపల లాగుడు మొదలైపోయింది.

దాని మీద సుత్తి దెబ్బలు. బైండింగ్ వైర్ లాగితే తెగదు, అటూ ఇటూ వంచుతుంటే తెగిపోతుంది కదా? అదే ఫెటీగ్. అతుకులో ఫ్లక్స్ ఇరుక్కున్న చోటో, గాలి బుడగ దగ్గరో సన్న పగులు మొదలవుతుంది. దెబ్బ దెబ్బకీ కొంచెం కొంచెం పాకుతుంది. కాబట్టి చేత్తో లాగి "గట్టిగానే ఉంది" అనుకుంటే సరిపోదు. ఆఖరి దెబ్బకి ఆ ముక్క ఎగిరేది కంటి వైపే కావచ్చు.

ఏం చేయాలి? రెండు ముఖాలూ జిడ్డు, తుప్పు లేకుండా రుద్దండి. వేడి చేశాక నీళ్లలో ముంచకండి, బూడిదలోనో పొడి ఇసుకలోనో నిదానంగా చల్లారనివ్వండి. పెద్ద ముక్కలకి వెండి, రాగి, వెండి మూడు పొరల రేకు దొరుకుతుంది. మధ్యలోని మెత్తటి రాగి ఆ లాగుడుని కొంత మింగేస్తుంది.

ఇంకోటి, చాలా ముఖ్యం. కాడ్మియం కలిసిన సిల్వర్ రాడ్లు ఉంటాయి. వాటి పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, లక్షణాలు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడవు. కొనేటప్పుడు "కాడ్మియం లేనిది ఇవ్వన్నా" అని అడగండి. గాలి ఆడే చోటే పని చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

మీ ఊర్లో ఉలి పట్టే అన్న ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. డౌట్లు కామెంట్లో అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.