పైరు జబ్బును చదివే శాస్త్రం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థులు చదివే ముఖ్య విషయాల్లో మొక్కల తెగుళ్ల శాస్త్రం, అంటే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, వైరస్‌ల వల్ల పైరుకు సోకే జబ్బులను గుర్తించి అదుపు చేసే విద్య, ఒకటి. తట్టుకోలేని మొక్క, జబ్బు కలిగించే సూక్ష్మజీవి, దానికి అనుకూలించే వాతావరణం కలిసినప్పుడే తెగులు పుడుతుందన్నది దాని మూలసూత్రం. మూడూ కలవాలి, ఒకటి తప్పినా తెగులు రాదు.

వరిలో అగ్గి తెగులునే తీసుకుంటే, ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు వేసే ఆ శిలీంధ్రం, రాత్రులు చల్లబడి మంచు కురిసే రోజుల్లో, ముఖ్యంగా యూరియా మోతాదు మించిన చేలలో, విజృంభిస్తుంది. వాతావరణం రైతు చేతిలో లేదు. యూరియా మాత్రం ఉంది.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరి తినడానికి ఎంత మేలైనదో తెగుళ్లకు అంత సులువుగా లొంగే రకం కాబట్టి, హైదరాబాద్ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణ పద్ధతిలోనే అందులో చేర్చి, మెరుగైన సాంబ మసూరిని తెచ్చారు. అయితే అది అగ్గి తెగులును ఆపదు.

అందుకే రైతులు మందు కొట్టే ముందు, మచ్చలున్న మొక్కను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి, తెగులేదో తెలుసుకోవాలి.